ఆయాకు చెప్పకుండా ఇంట్లో కెమెరా పెట్టొచ్చా?

పది నెలల పాప అమ్మ:
వచ్చే నెల మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి. పాపను చూసుకోవడానికి తెలిసినవాళ్ల ద్వారా ఒకావిడ కుదిరారు. మనిషి నెమ్మదస్తురాలే. అయినా నాకు ఒకటే టెన్షన్. హాల్లో కెమెరా పెడదాం, ఆవిడకు మాత్రం చెప్పొద్దు అంటున్నారు మా ఆయన. చెబితే నటిస్తారట. నాకేమో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాత్రి షిఫ్ట్ నాన్న:
చెప్పకుండానే పెట్టండి. ఏం జరిగిందో పాప నోరు విప్పి చెప్పలేదు కదా. ఇల్లు మీది, బిడ్డ మీది. ఇందులో మొహమాటం దేనికి?

పాత ఆయా:
పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఒక ఇంట్లో బొమ్మల అరలో కెమెరా కనిపించింది. నేను బట్టలు మార్చుకునే గది అది. నెల తిరక్కుండానే మానేశాను. ఆ బాబు నాకు బాగా చేరికయ్యాడు, ఇప్పటికీ గుర్తొస్తాడు. ముందే చెప్పి ఉంటే సరేననేదాన్ని. చాలా ఇళ్లల్లో అన్నాను కూడా.

ఇద్దరు పిల్లల అమ్మ:
కెమెరా సంగతి తర్వాత. ఆవిడ ఇంతకుముందు పనిచేసిన ఇళ్లవాళ్లతో మాట్లాడారా? "మంచిదేనా?" అంటే అందరూ మంచిదే అంటారు. "మళ్లీ అవసరమైతే ఈవిడనే పిలుస్తారా?" అని అడగండి. జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆగారో గమనించండి.

నేను ఆయాలను అడిగే ప్రశ్న ఇంకోటుంది. పాప అరగంటగా ఏడుస్తోంది. పాలు తాగదు, డైపర్ పొడిగానే ఉంది, ఎత్తుకున్నా ఊరుకోదు. అప్పుడేం చేస్తారు? ఒకావిడ "నాకసలు కోపమే రాదండీ" అన్నారు. ఇంకొకావిడ "విసుగొస్తుంది. పాపను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లి వస్తాను. అప్పటికీ ఆపకపోతే మీకు ఫోన్ చేస్తాను" అన్నారు. ఈ రెండో ఆవిడనే పెట్టుకున్నాను. ఏడుపు భరించలేక పసిబిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణమే పోవచ్చు. తన విసుగు తనకు తెలిసిన మనిషే నాకు కావాలి.

మీరు ఇంట్లో ఉండగానే ఒక నాలుగు రోజులు డబ్బిచ్చి రప్పించుకోండి. పది నెలలంటే అమ్మ కనుమరుగైతే గుక్కపట్టే వయసు. మొదటి రోజు పాప ఏడ్చిందని ఆవిడను అనుమానించకండి.

రాత్రి షిఫ్ట్ నాన్న:
అక్కా, ఇలాంటి జవాబులు నేర్చుకుని కూడా వస్తారు. మా బాబుకు ఏడాదిన్నరప్పుడు కుర్చీ జరుపుకుని కిటికీ దాకా ఎక్కాడు. ఆయా రెండడుగుల దూరంలో ఫోన్‌లో మునిగిపోయి ఉంది. కెమెరా వల్లే తెలిసింది. చెప్పి పెట్టి ఉంటే ఆ రోజు ఫోన్ ముట్టుకునేదే కాదు.

పాత ఆయా:
ముట్టుకోకపోతే మంచిదే కదా బాబూ? మీకు పిల్లాడు కిటికీ ఎక్కకుండా ఉండటం కావాలా, ఎక్కినప్పుడు వీడియో కావాలా?

రాత్రి షిఫ్ట్ నాన్న:
రెండూ కావాలండీ. చెప్పి పెడితే కెమెరా లేని గదిలో ఫోన్ చూస్తారు. అప్పుడు నాకు తెలిసేదెలా?

నెట్‌వర్క్ పనివాణ్ణి:
ఒక్క మాట. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా? మార్చకపోతే మీ పాపను బయటివాళ్లు కూడా చూడొచ్చు. ఇంకోటి, చెప్పకుండా వీడియో తీయడానికీ మాటలు రికార్డు చేయడానికీ చాలా దేశాల్లో చట్టాలు వేరువేరుగా ఉంటాయి. కొనేముందే కనుక్కోండి.

పది నెలల పాప అమ్మ:
అందరికీ థాంక్స్. నిన్న ఆవిడతో చెప్పేశాను. హాల్లో ఒక్కటే పెడతామని, ఎక్కడో కూడా చూపించాను. ఏమీ అనుకోలేదు. "పాపకు ఒళ్లు వెచ్చబడి నేను ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్నా ఎత్తుతారా?" అని అడిగారు. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. మా మేనేజర్‌తో మాట్లాడాలి. మా ఆయన మాత్రం పడగ్గదిలో ఇంకోటి పెడదామని ఇంకా గొణుగుతూనే ఉన్నారు.