మొక్కలు నాటాం, లైట్లు మారాయి, సోలార్ పెట్టాం. ఏం తగ్గిందో లెక్క ఎలా తీయాలి? (విశాఖపట్నం)

సాగరతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండీ. మాది విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టింది, మర్నాడు తలుపు తీసి బయటికొస్తే వీధి ఆ చివర వరకూ ఆకాశమే కనిపించింది, నీడనిచ్చే చెట్టు ఒక్కటి మిగల్లేదు. అప్పటి బాధతోనే మా సంఘంలో కొందరం మొక్కలు పెట్టడం మొదలుపెట్టాం. ఈ మూడేళ్లలోనే నాలుగు వందల దాకా నాటాం, రెండు అపార్ట్‌మెంట్ల మీద సోలార్ వచ్చింది, కొన్ని ఇళ్లలో తడి చెత్తతో ఎరువు చేస్తున్నారు.

మొన్న మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి "ఇంత చేశారు కదమ్మా, మరి ఏం తగ్గింది? ఒక్క అంకె చెప్పు" అన్నారు. నా దగ్గర ఫొటోలున్నాయి, అంకె లేదు. ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ఉందనీ, క్లైమేట్ స్మార్ట్ సిటీల మదింపులో 2021లో మన నగరానికి నాలుగు నక్షత్రాలు వచ్చాయనీ చెప్పాను. అవి నగరం లెక్కలు, ఆయన అడిగింది మా వీధుల గురించి. ఇంటికొస్తూ చూస్తే ఒక ట్రీగార్డులో మొక్కే లేదు, లోపల కొబ్బరి బోండాలు పడేసి ఉన్నాయి. మనసు చివుక్కుమంది. కార్బన్ లెక్క కట్టాలా? శాటిలైట్ మ్యాపుల్లో చూడొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చెట్టునీడ:

బోటనీ చెప్పేదాన్ని, కాబట్టి చెట్ల గురించే చెప్తాను. నాటిన మొక్కల సంఖ్య పక్కన పెట్టేయండి, అది మీ కష్టం లెక్క, ఫలితం లెక్క కాదు. ఏటా ఒకే నెలలో, వేసవి దాటి జూన్‌లో అయితే మంచిది, వీధివీధీ తిరిగి బతికున్నవి లెక్కపెట్టండి. ప్రతి చెట్టుకీ నంబరు వేసి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టైలర్ టేపుతో చుట్టుకొలత రాసుకోండి. ఆ ఎత్తు లేని మొక్కలకి ఎత్తు రాస్తే చాలు. ఏ జాతో కూడా రాయాలి. ఎక్కడైనా ఇట్టే బతికేసే విదేశీ మొక్క కోనోకార్పస్ నాటితే బతికినవాటి శాతం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ అందుకోసం వేపనీ కానుగనీ వదులుకోకూడదు కదా.

ఇక కార్బన్ అంటారా, చెట్ల విషయంలో ఆ దారిన వెళ్లొద్దు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుందని మామూలుగా చెప్పే మాట. అంటే మీ నాలుగు వందలూ బతికి పెద్దవైనా ఏడాదికి 8 టన్నులు, ఇప్పటి లేత మొక్కలకి అందులో చాలా కొంచెం. చెట్టు వీధికిచ్చేది నీడ, దాన్నే కొలవండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి చెట్టు కింద రోడ్డునీ, పక్కనే ఎండలో ఉన్న రోడ్డునీ థర్మామీటర్ గన్‌తో చూడండి. కోవిడ్ టైంలో నుదుటి మీద పెట్టిన గన్ మాత్రం పనికిరాదు, అది ఒంటి జ్వరం వరకే చూపిస్తుంది, తారు రోడ్డు వేడి దానికి అందదు. వర్క్‌షాపుల్లో వాడే రకం కావాలి.

శాటిలైట్ గురించి. లాండ్‌శాట్ 8 వేడిని చూసే కెమెరాకి ఒక్కో చుక్క దాదాపు 100 మీటర్లు. మీ వీధి, పక్క వీధి, మధ్యలో మేడలు అన్నీ కలిపి ఒకే అంకె వస్తుంది. పైగా అది మన మీదుగా వెళ్లేది పొద్దున పదిన్నర ప్రాంతంలో. నగరం మొత్తానికి అది బాగానే పనికొస్తుంది, మీ వీధికి మీ నోట్‌బుక్కే మేలు.

పాతఫ్యూజు:

కరెంటు పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. నిజంగా అంకె కావాలంటే కరెంటులో దొరుకుతుంది అమ్మా. హుద్‌హుద్ తర్వాత నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మార్చారు. మీ కాలనీలో 40 స్తంభాలున్నాయనుకోండి. పాత 150 వాట్ల సోడియం దీపానికి చోక్‌తో కలిపి 170 పడుతుంది, ఎల్‌ఈడీ 70 అనుకుంటే వంద వాట్లు మిగులు. రాత్రికి 11 గంటల చొప్పున ఒక్కో దీపానికి ఏడాదికి 400 యూనిట్లు, 40 దీపాలకి 16 వేలు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 11 టన్నులు.

కానీ పట్టపగలు వెలుగుతున్న దీపాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అదే 70 వాట్ల దీపం పగలు 12 గంటలు ఊరికే వెలిగితే ఏడాదికి 300 యూనిట్లు పోయినట్టే, మిగిలిన నాలుగు వందల్లో మూడు వందలు గాలికి. పొద్దున వాకింగ్‌కి వెళ్లేవాళ్లని వెలుగుతున్న స్తంభం నంబర్లు గ్రూపులో పెట్టమనండి. టైమర్ పాడైతే ఒక్క కంప్లయింట్‌తో బాగవుతుంది, మొక్కకి నీళ్లు పోసినంత తేలిక పని.

సోలార్‌కి బిల్లు చూసి మోసపోవద్దు. బిల్లులో బయటికి పంపిన యూనిట్లే ఉంటాయి, పగలు లిఫ్టూ మోటారూ వాడుకున్నవి అందులో రావు. ఇన్వర్టర్ మీద మొత్తం ఉత్పత్తి ఉంటుంది, నెలాఖరున ఫొటో తీసి పెట్టుకోండి. కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు రావాలి, బాగా తగ్గితే ముందు పలకలు కడిగారా అని అడగండి, సముద్రం పక్కన ఉప్పూ దుమ్మూ ఊరికే పేరుకుంటాయి.

కృష్ణలంక:

నేను విజయవాడ నుంచి. మా అపార్ట్‌మెంట్‌లో తడి చెత్త ఎరువు పని నేనే చూస్తాను. స్ప్రింగ్ కాటా ఒకటి కొని డబ్బా దగ్గర వేలాడదీయండి, వాచ్‌మన్ గారి భార్య రోజూ బరువు చూసి గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తారు, మాకు ఇంతకన్నా ఏ యాప్ అక్కర్లేదు. తడి చెత్త డంపింగ్ యార్డులో గుట్ట కింద గాలి ఆడక కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. అందుకే యార్డుకి వెళ్లకుండా ఆపిన ప్రతి కిలో విలువైనదే. అయితే మీ డబ్బా కంపు కొడుతోందంటే అక్కడా గాలి ఆడట్లేదనే. ఎండుటాకులు వేసి తిరగెయ్యండి. ఇంకోటి, ఇళ్లలో వేరు చేసిన చెత్త బండిలో మళ్లీ కలిసిపోతోందేమో వారానికోసారి నిలబడి చూడండి. మాకు ఆర్నెల్లు అదే జరిగింది, మేం మాత్రం వేరు చేస్తున్నామని సంతోషపడుతూ ఉన్నాం.

సాగరతీరం:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆదివారం మా పిల్లలతో కలిసి మొదటి వీధి పూర్తి చేశాం. నాటినవి 52, బతికున్నవి 31. ఆ 31లో తొమ్మిదింటికి గార్డుకి కట్టిన తీగ కాండంలోకి దిగబడిపోయి ఉంది, ఒక కానుగకైతే బెరడు తీగ మీదుగా పెరిగిపోయింది. లెక్కపెట్టకపోతే ఇంకో ఏడాదైనా చూసేవాళ్లం కాదు. పట్టకారు తెచ్చి కోసేశాం. వచ్చే ఆదివారం రెండో వీధి. చెట్టునీడ మేడం, తీగ కోసిన చోట చుట్టుకొలత తీసుకోవచ్చా, లేక దానికి పైన తీసుకోవాలా?

చెట్టునీడ:

గాయం నాలుగున్నర అడుగుల దగ్గరే ఉంటే దానికి పైన తీసుకోండి, ఎంత ఎత్తులో తీశారో పక్కన రాసి, వచ్చే ఏడాది కూడా అక్కడే కొలవండి.