సింగిల్ కోర్ కేబుల్ స్క్రీన్: రెండు చివర్లా ఎర్త్ చెయ్యాలా, ఒక్క చివర చాలా?

ప్యానెల్‌పని: 11 కేవీ సింగిల్ కోర్ ఎక్స్‌ఎల్‌పీఈ (ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్, ఫేజుకొకటి, 300 మీటర్లు, లోడ్ 400 ఆంపియర్లు. ఇన్సులేషన్ చుట్టూ ఉండే కాపర్ స్క్రీన్ (రాగి పొర) రెండు వైపులా ఎర్త్ చెయ్యమని సైట్ ఇంజనీర్ గారు, ఒక్కవైపే అని కాంట్రాక్టర్. ఎవరి మాట వినాలి?

జాయింటర్: రెండు వైపులా చేసెయ్యండి. ఎర్త్ చెయ్యకుండా వదిలేసిన చివర వోల్టేజ్ ఉంటుందండీ, రేపు తెలియనివాడెవడో అక్కడ చెయ్యి పెడతాడు.

లోడ్‌కర్వ్: రెండు చివర్లూ కడితే మూడు స్క్రీన్లూ కలిసి లూప్ అయిపోతాయి కదన్నా, లోడ్ ఉన్నంతసేపూ అందులో కరెంటు తిరుగుతూనే ఉంటుంది, స్క్రీన్ వేడెక్కుతుంది, కండక్టర్ 90 డిగ్రీలు దాటకూడదు కాబట్టి చచ్చినట్టు లోడ్ తగ్గించుకోవాలి. అదే ఒక్కవైపు కట్టి కేబుళ్లని ట్రెఫాయిల్‌లో (మూడూ త్రికోణంగా) ఆనించి వేస్తే ఓపెన్ చివర వోల్టేజ్ 400 ఆంపియర్లకి కిలోమీటరుకి సుమారు 20 వోల్టులు, అంటే ఇక్కడ 6. దానికింత భయమెందుకు?

జాయింటర్: 6 వోల్టులు మామూలు లోడ్‌లో తమ్ముడూ. 10 వేల ఆంపియర్ల షార్ట్ పడితే 25 రెట్లు, 150కి చేరుతుంది, అదీ మూడు ఫేజుల షార్ట్‌కి, ఎర్త్ ఫాల్ట్ అయితే ఇంకా పైకే పోవచ్చు.

లోడ్‌కర్వ్: అందుకే కదా కేబుళ్ల పక్కనే విడిగా ఎర్త్ కండక్టర్ లాగమనేది. ఓపెన్ చివర బాగా ఇన్సులేట్ చేసి బోర్డు పెట్టాలి, వోల్టేజ్ ఎక్కువొచ్చే చోట లిమిటర్ (వోల్టేజ్ హద్దు దాటకుండా ఆపే పరికరం) కూడా. ఇవేవీ చెయ్యకుండా ఒక్కవైపు కట్టి వదిలేస్తానంటే మాత్రం నేనూ ఒప్పుకోను. త్రీ కోర్ అయితే అసలీ గొడవే లేదు, మూడు ఫేజుల ఫీల్డూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, హాయిగా రెండు వైపులా కట్టుకోవచ్చు.

రిలేటెస్ట్: సీబీసీటీ (కేబుళ్ల చుట్టూ రింగులా ఉండి, ఎర్త్ ఫాల్ట్ కరెంటుని పట్టి రిలేకి చెప్పే సీటీ) సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? కేబుల్ సీటీలోంచి పైకొచ్చాక స్క్రీన్ వైరు విడదీస్తారు కదా, దాన్ని అక్కడే ఎర్త్ బార్‌కి బిగించేస్తే కోర్‌కీ స్క్రీన్‌కీ మధ్య ఫాల్ట్ పడినప్పుడు కోర్‌లో వెళ్ళిన కరెంటు స్క్రీన్‌లోంచే వెనక్కొచ్చేస్తుంది, సీటీకి లెక్క సున్నా, రిలేకి ఏమీ తెలీదు. ఆ వైరుకి స్లీవ్ వేసి, ఎక్కడా బాడీకి తగలకుండా మళ్ళీ సీటీలోంచే కిందికి దించి అప్పుడు ఎర్త్‌కి కట్టాలి. ఎన్ని వైపులా కట్టినా ఇది తప్పదు.

ప్యానెల్‌పని: వైరు పైనే కట్టేసి ఉందండీ, రేపే విప్పిస్తా. ఇంకోటి, కేబుళ్లు ట్రెఫాయిల్ కాదు, ట్రేలో జానెడు జానెడు దూరంలో పరిచారు.

జాయింటర్: అలాగైతే రెండు వైపులా కట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆ దూరానికి స్క్రీన్‌లో కరెంటు బాగా పెరుగుతుంది.

లోడ్‌కర్వ్: ఒక్కవైపు కట్టినా నేను చెప్పిన 6 వోల్టులు కుదరవు, రెట్టింపు దాటుతుంది. ముందు మూడింటినీ దగ్గరకి తెచ్చి క్లీట్లు (కేబుల్‌ని కదలకుండా పట్టే బిగింపులు) బిగించమనండి, షార్ట్ పడితే విసిరికొట్టుకోకుండా.