అప్‌డేట్: ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో తెలిసింది

గర్భసంచితో పాటు అండాశయాలనూ తొలగించాక, వేడి ఆవిర్లకు రోజుకు 2 మిల్లీగ్రాముల ఎస్ట్రాడియోల్ వాలరేట్ అనే ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెట్టానని, ఆవిర్లు తగ్గినా మూడు నెలలకే నీరసం, మలబద్ధకం పట్టుకుని, ఏళ్లుగా థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) 75 మైక్రోగ్రాములతో అదుపులో ఉన్న టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే మరో హార్మోన్) 9.8కి చేరిందని, ఎందుకిలా అయిందని మే నెలలో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రెండు మందులకూ సంబంధం ఉందేమో కనుక్కోమన్నవారి మాటే నిజమైంది. విజయవాడలోనే ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల వైద్యునికి) చూపించుకున్నాను. నోటి ద్వారా వేసుకున్న ఈస్ట్రోజన్ పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరి, థైరాక్సిన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ తయారీని పెంచుతుందని, దానితో రక్తంలో స్వేచ్ఛగా ఉండే హార్మోన్ తగ్గుతుందని, ఆరోగ్యకరమైన థైరాయిడ్ గ్రంథి ఆ లోటును తానే పూడ్చుకున్నా థైరాక్సిన్ మాత్ర మీద ఆధారపడిన నాలాంటివారికి మోతాదు చాలదని ఆయన వివరించారు. చర్మానికి రాసే ఈస్ట్రోజన్ జెల్‌తో ఈ ప్రభావం దాదాపు ఉండదట. అయితే నాకు ఈస్ట్రోజన్ మాత్రే అలవాటైంది కనుక థైరాక్సిన్‌ను 100కు పెంచారు. ఎనిమిది వారాల తరువాత టీఎస్‌హెచ్ 2.6 వచ్చింది, నీరసం కూడా పోయింది.

కొందరు సూచించినట్టు థైరాయిడ్ మాత్ర బ్రాండు మార్చడం నా విషయంలో అనవసరమే అయింది. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ముందునుంచీ పాటిస్తున్నాను. బెజవాడ ఎండకు మాత్రలు పాడయ్యాయన్న నా సొంత అనుమానమైతే, డాక్టరు గారిని కాస్త నవ్వించింది.

ఈస్ట్రోజన్ మానేసే రోజు వస్తే తమకు ముందే చెప్పాలని, అప్పుడు థైరాక్సిన్ తగ్గించవలసి రావచ్చని చీటీ మీద రాసిచ్చారు.