అప్‌డేట్: మోటార్ల చైన్‌లో సాలిటాన్ ఆగకుండా ఎలా వెళ్తోంది అన్న డౌట్ క్లియర్ అయింది

మొన్న అడిగింది ఇదే: ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళు 2024లో నేచర్‌లో వేసిన పేపర్‌లో సాలిటాన్ (ఆకారం చెదరకుండా కదిలే అల లాంటిది), దానికి తిరగేసిన రకమైన యాంటీ సాలిటాన్ రెండూ ఒకే వైపు ఎందుకు పోతున్నాయి అని. మామూలుగా బయట నుంచి ఒకే ఫోర్స్ పెడితే అవి ఎదురెదురు దిక్కులకి పోవాలి కదా.

కామెంట్స్‌లో చెప్పినట్టే పైథాన్‌లో చిన్న చైన్ రాసి చూశా. వాళ్ళ సెటప్‌లో వరసగా కడ్డీలు, మధ్యలో ఎలాస్టిక్, పక్కన అయస్కాంతాలు ఉండటం వల్ల ప్రతి కడ్డీ ఎడమకో కుడికో వాలి ఉంటుంది, ఒక్కో కడ్డీకీ ఓ మోటార్. ఎడమకి వాలినవాటికీ కుడికి వాలినవాటికీ మధ్య వచ్చే హద్దే ఇక్కడ సాలిటాన్, ఆ వరస తిరగబడితే యాంటీ సాలిటాన్. కిటుకంతా ఆ మోటార్‌లోనే ఉంది, అది కడ్డీని ఎడమ పక్కదాని మాట ఎక్కువ, కుడి పక్కదాని మాట తక్కువ వినేలా చేస్తుంది. అంటే ఎడమ వైపు ఏ వాలు ఉంటే అదే గెలుస్తూ పోతుంది, అది కుడికి వాలిందా ఎడమకి వాలిందా అన్నదాంతో పనే లేదు, అందుకే హద్దు ఏ రకమైనా కుడికే జరుగుతుంది!! ఇది స్క్రీన్ మీద చూసినప్పుడు భలే ఆనందమేసింది.

ఘర్షణలో పోయే ఎనర్జీని మోటార్లు దారి పొడవునా నింపుతాయి కాబట్టి మొదట ఎంత గట్టిగా తోసినా కాసేపటికి స్పీడ్ ఒకేచోట సెటిల్ అవుతోంది. ఎలాస్టిక్ మరీ వదులుగా పెడితే మాత్రం హద్దు రెండు కడ్డీల మధ్య ఇరుక్కుపోతోంది, మోటార్ బలం పెంచితే గానీ కదలట్లేదు.

ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. తర్వాత రెండు డైమెన్షన్లలో ట్రై చేస్తా.