సూపర్‌చార్జర్, టర్బో: ఇంజను శక్తిని ఏది తక్కువ తింటుంది?

ప్రశ్న:
ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే ఈ రెండింటిలో, బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ క్రాంక్‌షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇంజను ప్రధాన ఇరుసు) నుంచే శక్తి తీసుకుంటుందనీ, టర్బో మాత్రం వృథాగా పోయే ఎగ్జాస్టుతో తిరుగుతుంది కనుక దానికి ఖర్చే లేదనీ చదివాను. ఇది ఎంతవరకు నిజం? సూపర్‌చార్జర్లలో రూట్స్, ట్విన్‌స్క్రూ రకాల మధ్య చెప్పుకోదగిన తేడా ఉంటుందా?

జవాబు 1:
తేడా బాగానే ఉంటుందండీ. రూట్స్ బ్లోయరు గాలిని తన లోపల కుదించదు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా అవతలికి తోస్తుంది. అప్పుడు మ్యానిఫోల్డులోని (సిలిండర్లకు గాలిని పంచే గొట్టంలోని) ఎక్కువ పీడనపు గాలి వెనక్కి దూసుకొచ్చి దాన్ని కుదించడం వల్ల అనవసరపు వేడి పుడుతుంది. ట్విన్‌స్క్రూలో రోటర్ల మధ్య జాగా తగ్గుతూ పోతుంది కాబట్టి గాలి లోపలే కుదించుకుపోతుంది. సెకనుకు 100 గ్రాముల గాలిని 27 డిగ్రీల దగ్గర తీసుకుని 1.6 రెట్ల పీడనానికి చేర్చాలనుకోండి. నష్టమే లేకపోతే 4.3 కిలోవాట్లు చాలు. కంప్రెసర్ సామర్థ్యం 75 శాతమైతే 5.8 కిలోవాట్లు కావాలి, గాలి 85 డిగ్రీలకు చేరుతుంది. రూట్స్‌లోలా సామర్థ్యం తగ్గి 55 శాతమైతే 7.9 కిలోవాట్లు, 105 డిగ్రీలు. పెట్రోలు ఇంజనులో ఆ వేడికి నాకింగ్ (ఇంధనం తనంతట తానే పేలినట్టు మండటం) మొదలవుతుందని స్పార్కును ఆలస్యం చేయాల్సి వస్తే అది మరో నష్టం. ఇంటర్‌కూలర్ వేడిని తగ్గించగలదు గానీ, బెల్టు లాగేసిన శక్తిని తిరిగి ఇవ్వలేదు.

జవాబు 2:
టర్బోకు ఖర్చే లేదనడం సరికాదు. టర్బైన్ అడ్డుగా ఉండటంతో ఎగ్జాస్టు పీడనం పెరిగి, పిస్టన్లు పొగను బయటికి నెట్టడానికి ఎక్కువ శ్రమపడతాయి. అయినా బేరం లాభసాటిదే: పైన చెప్పిన గాలితో కాలే పెట్రోలు నుంచి వచ్చే 290 కిలోవాట్ల వేడిలో దాదాపు మూడో వంతు పొగగొట్టం గుండానే పోతుంది, మనకు కావలసింది అందులో కొద్ది భాగమే.

జవాబు 3:
నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: బూస్టు (అదనపు గాలి పీడనం) అక్కరలేనప్పుడు ఏది ఎంత తింటుంది? ఊళ్లో నడిపేటప్పుడు బూస్టుతో పనిపడేది తక్కువసేపే. ఫోక్స్‌వ్యాగన్ 2005లో తెచ్చిన 1.4 లీటర్ల ట్విన్‌చార్జర్ ఇంజనులో రూట్స్ బ్లోయరుకు, అక్కరలేనప్పుడు దాన్ని ఇంజను నుంచి విడదీసే మాగ్నెటిక్ క్లచ్ పెట్టి, 3,500 ఆర్‌పీఎం దాటాక పని మొత్తం టర్బోకు వదిలేశారు. ఆడి 2016లో ఎస్‌క్యూ7 డీజిల్‌లో 48 వోల్టుల విద్యుత్ కంప్రెసర్ పెట్టింది. అది 7 కిలోవాట్ల వరకు తీసుకున్నా, టర్బోలు అందుకునే లోపు కొద్దిసేపే తిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
క్లచ్ లేని రూట్స్‌లో, గాలిని చుట్టుదారిలో పంపే బైపాస్ వాల్వు తెరిస్తే ఆ నష్టం పోతుందా?

జవాబు 3:
చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. గాలి చుట్టూ తిరిగి వెళ్లినా రోటర్లు, గేర్లు, బెల్టు తిరుగుతూనే ఉంటాయి కదా.