అమ్మేసిన ఆఫీసు సామాను విప్పే కూలీకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

మాదాపూర్ ఫెసిలిటీస్:
మా భవనంలో ఒక అంతస్తును అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేర్ సంస్థ లీజు ముగియడంతో ఖాళీ చేసింది. పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్, కార్పెట్ అన్నీ తీసేసి ఉత్త గోడలతో అప్పగించాలన్నది ఒప్పందం కాబట్టి, వారు సామానంతటినీ ఉన్నది ఉన్నట్టుగా ఒక తుక్కు వ్యాపారికి అమ్మేశారు. ఆయన విప్పే పనిని ఒక మేస్త్రీకి అప్పగించారు, మేస్త్రీ అడ్డా నుంచి మనుషులను తెచ్చాడు. రాత్రివేళ క్యాబిన్ గాజు తలుపు విప్పుతుండగా అది జారి, రబ్బరు చెప్పులతో పనిచేస్తున్న కూలీ పాదం మీద పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి. అమ్మేశాక తమకేం సంబంధమని సంస్థ అడుగుతోంది. పని మేస్త్రీదని వ్యాపారి అంటున్నారు. మేస్త్రీ ఫోను ఎత్తడం లేదు. ఆసుపత్రి బిల్లు ప్రస్తుతానికి భవనం నిర్వహణ ఖాతా నుంచి కట్టాం.

నా ఉద్దేశంలో సామాను గేటు దాటేదాకా బాధ్యత అమ్మిన సంస్థదే. కాదనేవారు కారణం చెప్పండి.

పాతసామాను వ్యాపారి:
నేను కాదంటాను. డబ్బు కట్టి కొన్న మరుక్షణం సరుకు కొన్నవాడిది. దాన్ని విప్పే మనుషుల పూచీ కూడా అతనిదే కావాలి. అయితే ఆ మాట అనే ముందు బేరం ఎలా జరుగుతుందో చూడండి. సామాను చూసుకోవడానికి మాకు అరగంట ఇస్తారు, సర్వర్ గది తాళం తీయరు, లోపల ఏముందో అడిగితే జాబితా లేదంటారు. బూట్లు, గ్లౌజులు, బీమా ఖర్చు కలుపుకొని రేటు చెప్పినవాడికి సరుకు దక్కదు. ఏ ఖర్చూ లేనివాడు పదివేలు ఎక్కువ చెప్పి ఎత్తుకుపోతాడు. పైగా సోమవారం ఉదయానికల్లా అంతస్తు ఖాళీ కావాలని శుక్రవారం సాయంత్రం చెబుతారు.

లేబర్ కేసుల వకీలు:
ఇద్దరి వాదనకూ చట్టంలో కొంత చోటుంది, చిక్కంతా అక్కడే ఉంది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు మనిషికి పనిలో దెబ్బ తగిలితే, పని అప్పగించిన అసలు యజమాని పరిహారం చెల్లించి, ఆ తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. కానీ ఆ పని యజమాని వ్యాపారంలో మామూలుగా భాగమైనదై ఉండాలి. సాఫ్ట్‌వేర్ రాసే సంస్థకు పార్టిషన్లు విప్పడం మామూలు వ్యాపారమా అని ఎదుటి వకీలు తప్పక అడుగుతాడు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమం, ఈ మెలిక అలాగే ఉన్నాయి. రెండో మెలిక ఇంకా గట్టిది: ఇక్కడ సంస్థ ఎవరికీ పని అప్పగించలేదు, సరుకు అమ్మింది, కాంట్రాక్టే లేనప్పుడు కాంట్రాక్టు కూలీ ఎక్కడి నుంచి వస్తాడు? 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం వర్తించడానికి అందులో 20 మందిగా ఉన్న హద్దును అదే రోజు అమల్లోకి వచ్చిన భద్రత, ఆరోగ్య కోడ్ 50కి పెంచింది కాబట్టి, పదిమంది కూలీల జట్టుకు ఆ దారి ఇప్పుడు లేదు.

అంతమాత్రాన సంస్థ చేతులు దులుపుకోవచ్చని నేను అనను. తన అధీనంలో ఉన్న చోట ప్రమాదం ఉందని తెలిసీ చెప్పకపోతే నిర్లక్ష్యం కింద సివిలు దావా వేయవచ్చు. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చినవారిని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కూడా ఉండనే ఉంది. అయితే వేళ్లు నలిగిన అడ్డా కూలీ సివిలు కోర్టుకు ఎన్నేళ్లు తిరగగలడన్నది నాకు వృత్తిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న.

ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్:
గాజు తలుపు కంటికి కనిపించే ప్రమాదం. పన్నెండు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది కాబట్టి ఏడడుగుల తలుపు దాదాపు 60 కిలోలు. అది బరువని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. కనిపించనిది యూపీఎస్ గదిలో ఉంటుంది. మెయిన్ ఆపేశాం, కరెంటు లేదని చెప్పి కూలీలను లోపలికి పంపుతారు. కానీ 12 వోల్టుల బ్యాటరీలు ముప్పై రెండు వరసగా కలిపి ఉంటే, భవనానికి కరెంటు పూర్తిగా తీసేసినా ఆ వరస చివర్ల మధ్య 384 వోల్టుల డీసీ అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని విప్పడానికి పద్ధతుంది: ముందు బ్యాటరీ బ్రేకరు దించాలి, ఆ తరువాత మధ్యలో ఒకటి రెండు లింకులు తీసి వరసను ముక్కలు చేయాలి, స్పానరు పిడికి ఇన్సులేషన్ ఉండాలి. మామూలు స్పానరు రెండు టెర్మినళ్ల మీద పడిందంటే కళ్లముందు మంట లేస్తుంది, కరిగిన సీసం ముఖాన చిమ్ముతుంది. ఈ సంగతి సంస్థ ఎలక్ట్రీషియన్‌కు తెలుసు, అడ్డా కూలీకి తెలియదు. అందుకే బ్యాటరీలను విడదీసి టేపు చుట్టి ఇచ్చే పని అమ్మేవాడే చేయించాలి.

చిన్న సంస్థ అడ్మిన్:
మాది నలభై కుర్చీల ఆఫీసు, సొంత ఎలక్ట్రీషియన్ లేడు. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల్లో కూడా ఏడాదిలో కనీసం వెయ్యి పరికరాలు వాడిన సంస్థనే భారీ వినియోగదారుగా లెక్కిస్తారు కదా. పెద్ద కంపెనీల కోసం పెట్టిన నిబంధనలను మా నెత్తిన రుద్దితే సామాను అమ్మగా వచ్చేదానికంటే ఖర్చే ఎక్కువవుతుంది.

మాదాపూర్ ఫెసిలిటీస్:
అడ్మిన్ గారూ, ఆ వెయ్యి హద్దు రీసైక్లర్ వంటి నమోదైన సంస్థలకే సరుకు అప్పగించాలన్న షరతుకు సంబంధించినది. కూలీ పాదానికి ఆ హద్దుతో పనిలేదు. బ్యాటరీ వరస ఎన్ని కుర్చీలున్నాయో చూసి షాక్ కొట్టదు.

అమ్మేవాడికే సంగతి తెలుసన్న సూపర్‌వైజర్ గారి మాటకు ఢిల్లీలో జరిగినదాన్ని మించిన ఉదాహరణ లేదు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా కిరణాల యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసింది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పితే లోపలి రేడియోధార్మిక కోబాల్ట్-60 బయటపడి, ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. రశీదు ప్రకారం సరుకు కొన్నవాడిదే. ఆ పెట్టెలో ఏముందో తెలిసి ఉండాల్సింది మాత్రం విశ్వవిద్యాలయానికే.

పాతసామాను వ్యాపారి:
ఢిల్లీ దాకా ఎందుకు? 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచి, మేడ మీద నిద్రపోతున్న 11 మంది బిహారు కార్మికులు చనిపోయారు. అది మా వ్యాపారంలో జరిగింది, అందులో అమ్మినవారి పేరు ఎత్తడం న్యాయం కాదు. గేటు దాటాక పూచీ మాదేనని అందుకే ఒప్పుకుంటున్నాను. గేటు లోపలి సంగతికి వస్తే, నాకు కావలసినవి రెండే: యూపీఎస్, ఏసీ, గాజు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిన కాగితం, కూలీలకు బీమా చూపించనివాడి రేటును అసలు తెరవకూడదన్న నియమం. అందరికీ ఒకే ఖర్చు పడితే నేనూ బూట్లు కొంటాను.

మాదాపూర్ ఫెసిలిటీస్:
రెండోది భవనం తరఫున మేమే చేయగలం. సామాను దించే పాసు మా చేతుల్లోనే ఉంది. ఇకమీదట కూలీల పేర్లు, వర్క్‌మెన్ పాలసీ (కూలీల బీమా) కాపీ, బ్యాటరీలు విడదీసినట్టు ఎలక్ట్రీషియన్ సంతకం ఉంటే తప్ప సర్వీస్ లిఫ్టు తాళం ఇవ్వం. ఆ షరతు తీరేదాకా అద్దెదారు డిపాజిట్ తిరిగి ఇవ్వకుండా లీజులోనే రాయిస్తాం.

లేబర్ కేసుల వకీలు:
రాయించండి, మంచిదే. కాకపోతే పాసు మీద మీ సంతకం పడిన రోజు నుంచి ఆ గదిలో పని మీ అనుమతితో, మీ పర్యవేక్షణలో జరిగినట్టే లెక్క. ఈసారి ప్రమాదం జరిగితే సంస్థ వకీలు మొదట చూపించేది ఆ కాగితాన్నే. భవనానికి కూడా ప్రజా బాధ్యత పాలసీ, అంటే బయటివారికి జరిగే నష్టాన్ని భరించే బీమా, తీసుకున్నాకే ఆ పాసు పుస్తకం అచ్చు వేయించండి.