అప్‌డేట్: ఇంటర్నెట్ ఫోన్ అరనిమిషానికే కట్ అయ్యే సమస్య తీరింది

నేను అడిగింది ఇదీ: మా మందుల షాపులో పెట్టిన ఇంటర్నెట్ ఫోన్‌కి కాల్ వస్తే మా మాట అవతలివాళ్ళకి వినపడేది, వాళ్ళ మాట మాకు వినపడేది కాదు. పైగా అరనిమిషం దాటగానే లైన్ కట్. మందు చీటీ చదివి చెబుతున్న పెద్దవాళ్ళు "హలో, హలో" అంటూ ఉండిపోయేవారు. చాలా బాధనిపించేది.

రౌటర్‌లో "సిప్ ఏఎల్‌జీ" (ఇంటర్నెట్ కాల్స్ రౌటర్ దాటడానికి సాయంగా వాటిలోని అడ్రసులు మార్చే సౌకర్యం) ఆపి చూడమన్న సలహా సరిగ్గా పనిచేసింది. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, నాట్ (షాపు లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చే పని) పేజీ అడుగున చిన్న టిక్కు. అది తీసేసి రౌటర్, ఫోన్ రెండూ రీస్టార్ట్ చేశాను, అంతే.

కారణం కూడా ఇప్పుడు అర్థమైంది. కాల్ కలిపే పని సిప్‌ది, మాట మోసేది ఆర్‌టీపీ. సాయం చేయాల్సిన ఏఎల్‌జీ మన ఫోన్ పంపే అడ్రసును తప్పుగా మార్చేస్తే అవతలి మాట ఇంకెక్కడికో పోతుంది. మనం కాల్ ఎత్తినట్టు అందిందని అటునుంచి రావాల్సిన కబురూ రాదు. దానికోసం ఫోన్ 32 సెకన్లు చూసి పెట్టేస్తుంది. ప్రతిసారీ ఒకే చోట కట్ అయ్యేది అందుకే!

స్పీడ్ ప్లాన్ పెంచమన్నవాళ్ళకి ఒక మాట: జీ.711 (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) కాల్‌కి ఒక్కో వైపు సెకనుకు 90 కిలోబిట్ల లోపే పడుతుంది. ప్లాన్ మార్చలేదు.

ఇక మిగిలింది కరెంటు పోయినప్పటి సంగతి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ తీసుకుంటున్నాం.